బాల్ పైథాన్‌ను జతకట్టే ముందు: ఏ జన్యువుతో మొదలుపెట్టాలి?

బాల్ పైథాన్ ఇళ్లలో పెంచుకునే ఒక రకం విదేశీ కొండచిలువ. ఆడది ఒక విడతలో పెట్టేది సగటున ఆరు గుడ్లు. నాలుగు పెట్టవచ్చు, ఎనిమిదీ పెట్టవచ్చు. ఏటా పెడుతుందన్న నమ్మకం కూడా లేదు, ఒక ఏడు విడిచి మరో ఏడు పెట్టేవే చాలా. రంగుల జన్యువుల గురించి ఏ నిర్ణయం తీసుకున్నా ఈ ఆరు గుడ్ల నుంచే లెక్క మొదలుపెట్టాలి. అమ్మకపు జాబితాలో మనసు దోచిన ఫొటో ఆ ఆరింటిలో ఒక్క పిల్లది. మిగతా ఐదు ఎలా ఉంటాయి, వాటి ఒంట్లో ఏముందో మీకు తెలుస్తుందా, ఇరవై ముప్పై ఏళ్లు బతికే ఆ ఐదింటినీ ఎవరు సాకుతారు? వీటికి జవాబు మీరు ఎంచుకునే జంటలోనే ఉంటుంది. అందుకే ఇక్కడ మార్ఫ్‌లను (జన్యువుల వల్ల వచ్చే రంగు, నమూనా రకాలను) అందాన్ని బట్టి కాకుండా విడత మొత్తాన్ని బట్టి పోల్చాం.

## ముందు చట్టం

బాల్ పైథాన్ పశ్చిమ ఆఫ్రికా పాము. ఘనా, టోగో, బెనిన్ నుంచి ఎగుమతైన పాములతోనే అమెరికా, యూరప్ పెంపకందారుల మార్ఫ్‌లు మొదలయ్యాయి. భారతదేశంలో ఇది సైట్స్ (వన్యజీవుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం) రెండో అనుబంధంలోని జీవి కాబట్టి, 2022లో సవరించిన వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందికి వస్తుంది. 2024 నిబంధనల ప్రకారం కేంద్ర ప్రభుత్వ పరివేశ్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. పిల్లలు పుట్టినా, చేతులు మారినా, చనిపోయినా తెలపాలి. కాగితాలు లేని పామును హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఎంత చౌకగా ఇస్తామన్నా తీసుకోవద్దు. మన అడవుల్లోని కొండచిలువను, జెర్రిపోతును, మరే దేశీయ పామునూ ఇంట్లో పెంచకూడదు. ఆస్ట్రేలియాలో ఉన్న తెలుగువాళ్లకు బాల్ పైథాన్ పెంచే అవకాశం లేదు. న్యూజిలాండ్‌లోనూ, అమెరికాలోని హవాయి రాష్ట్రంలోనూ ఏ పామునూ పెంచనివ్వరు. మిగతా చోట్ల మీ రాష్ట్రం, మీ ఊరి నిబంధనలు చూసుకోండి.

## దేన్ని బట్టి పోల్చాలి

నిరీక్షణ. ఆడది జతకట్టాలంటే కనీసం 1,500 గ్రాముల బరువు, దాదాపు మూడేళ్ల వయసు ఉండాలి. మగది 600–700 గ్రాములకు వస్తే చాలు, అంటే ఏడాది, ఏడాదిన్నర. కాబట్టి మీ పథకంలో రెండో తరం ఆడపాము అవసరమైతే మూడేళ్లు అదనంగా కలుపుకోండి.

ఆరు గుడ్లలో అవకాశం. ‘నాలుగింట ఒకటి’ అంటే నాలుగు గుడ్లు పెడితే ఒకటి వచ్చి తీరుతుందని కాదు. గవ్వలు వేసినట్టు ప్రతి గుడ్డుకూ పందెం కొత్తగా మొదలవుతుంది. నాలుగో వంతు అవకాశమున్న జంటకు ఆరు గుడ్లలో ఒక్కటీ రాకపోయే అవకాశం నూటికి దాదాపు 18. ఆరు విడతల్లో ఒకటి ఇలా వట్టిపోతుందన్నమాట.

మిగిలే పిల్లలు. కోరుకున్నది కాకుండా పుట్టినవాటి విలువ, వాటిలోని జన్యువులు ఎంత ఖాయమన్నది.

కంటితో గుర్తుపట్టడం. కొన్ని మార్ఫ్‌లను ఎవరైనా గుర్తుపడతారు. ఫైర్, వనిల్లా, ఎల్లోబెల్లీ లాంటివి అనుభవజ్ఞులనే తడబెడతాయి. గుర్తుపట్టలేని జన్యువుతో మొదలుపెడితే తప్పు పేరుతో పిల్లలను బయటికి పంపుతారు. ఆ తప్పు తరాల వెంట నడుస్తుంది.

ఆరోగ్యం. కొన్ని జన్యువులు రంగుతో పాటు జబ్బునూ మోసుకొస్తాయి. ఇక్కడ బేరానికి తావు లేదని మా అభిప్రాయం.

## రిసెసివ్: అల్బినో, పైడ్, క్లౌన్, అక్జాంథిక్

ప్రతి జన్యువుకూ రెండు ప్రతులుంటాయి, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. పదో తరగతి పుస్తకంలో ‘అంతర్గత లక్షణం’ అని చదువుకున్నది ఇదే: రెండు ప్రతులూ మారినవైతేనే పాము రంగు మారుతుంది. అలా మారినదాన్ని విజువల్ అంటారు. ఒక్క ప్రతి మాత్రమే ఉన్నది హెట్. చూడటానికి అది మామూలు పామే. అమెరికాలో అల్బినో ఇలా సంక్రమిస్తుందని 1992లో, పైడ్ 1997లో పిల్లలను పుట్టించి రుజువు చేశారు. నేటికీ వీటి గిరాకీ తగ్గలేదు.

విజువల్‌ను మామూలు పాముతో కడితే పిల్లలన్నీ నూటికి నూరు శాతం హెట్, ఒక్కటీ విజువల్ కాదు. వాటిలోని ఆడపిల్లలను మూడేళ్లు పెంచి మళ్లీ విజువల్ మగపాముతో కట్టాలి. పెద్ద పాములతో మొదలుపెట్టినా మొదటి విజువల్ పిల్లకు నాలుగేళ్లు పడుతుంది. ‘ఖరీదైన మగ, చౌకైన మామూలు ఆడ’ అని మొదలుపెట్టినవాళ్లు ఇక్కడే ఓపిక కోల్పోతారు. ఆడదాన్ని హెట్‌గానే కొంటే మొదటి విడతలోనే సగం విజువల్స్ ఆశించవచ్చు. పెట్టిన ఆ కాస్త అదనపు డబ్బు మూడేళ్లను మిగులుస్తుంది.

హెట్‌ను హెట్‌తో కట్టడం చవక. అయితే మిగిలే పిల్లల దగ్గర చిక్కు వస్తుంది. వాటిలో మామూలుగా కనిపించే ప్రతి పిల్లా హెట్ అయ్యే అవకాశం మూడింట రెండు పాళ్లు. దీన్నే ‘66 శాతం పాజిబుల్ హెట్’ అని రాస్తారు. హెట్‌ను మామూలు పాముతో కడితే అది 50 శాతం. ఏ పిల్ల హెట్టో కంటికి తెలియదు. హెట్ పైడ్‌కు తోక దగ్గర పొట్ట మీద చారలు ఉంటాయంటారు. చాలావాటికి ఉంటాయి కూడా. కానీ హెట్ కాని పాముల్లోనూ ఆ చారలు కనిపిస్తాయి కాబట్టి దాన్ని రుజువుగా తీసుకోకూడదు.

రుజువు చేయాలంటే ఆ పామును విజువల్‌తో కట్టి చూడాలి. ఒక్క విజువల్ పిల్ల పుడితే హెట్ అని తేలిపోయినట్టే. ఆరు గుడ్లలో ఒక్కటీ పుట్టకపోతే, 66 శాతం అనుకున్న పాము నిజంగా హెట్ అయ్యే అవకాశం నూటికి 3కు పడిపోతుంది. అమెరికాలో ఇప్పుడు కొన్ని రిసెసివ్‌లకు కుబుసం పంపితే డీఎన్‌ఏ పరీక్ష చేస్తారు. మూడేళ్లు పాజిబుల్ హెట్‌ను మేపడం కన్నా ఇది ఎంతో నయం.

మరో పెద్ద పొరపాటు, ఒకేలా కనిపించేవన్నీ ఒకే జన్యువు అనుకోవడం. అల్బినోకు కారణం టైరోసినేజ్ జన్యువులో లోపం, లావెండర్ అల్బినోకు ఓసీఏ2 అనే వేరే జన్యువులో లోపం. ఈ రెండింటినీ కడితే పుట్టేవన్నీ మామూలు రంగు పిల్లలే, రెండింటికీ హెట్‌లు. అదే అల్బినోను క్యాండీతో కడితే పిల్లలు లేత రంగులో పుడతాయి, ఎందుకంటే అవి ఒకే జన్యువు రూపాలు. అక్జాంథిక్‌లోనూ వీపీఐ వంశం, టీఎస్‌కే వంశం ఒకదానితో ఒకటి కలవవు. ‘అక్జాంథిక్’ అని మాత్రమే రాసి వంశం పేరు చెప్పని పామును కొనకండి.

పైడ్ కొనేవారికి ఒక మాట. తెలుపు ఎక్కువున్న రెండు పైడ్‌లను కట్టినంత మాత్రాన పిల్లలకూ తెలుపు ఎక్కువ వస్తుందని ఆశించకండి. ఒకే విడతలో అరచేయంత తెల్లమచ్చ ఉన్న పిల్ల, తల తప్ప ఒళ్లంతా తెల్లగా ఉన్న పిల్ల పక్కపక్కనే పుడతాయి. తెలుపుకు అదనంగా డబ్బు పెడితే ఆ పాము అందం కోసం పెట్టండి, దాని పిల్లల కోసం కాదు.

## ఇన్‌కంప్లీట్ డామినెంట్: పాస్టెల్, మొజావే, లెస్సర్, ఎల్లోబెల్లీ

అమ్మేవాళ్లు దీన్ని ‘కోడామ్’ అని కూడా రాస్తారు. ఒక్క ప్రతి ఉన్నా రంగు మారుతుంది, రెండు ప్రతులుంటే ఇంకో రూపం వస్తుంది. దాన్ని ‘సూపర్’ అంటారు. దాపరికం లేని పద్ధతి ఇది. జన్యువు ఉందంటే కనిపిస్తుంది, కనిపించకపోతే లేదు (ఎల్లోబెల్లీ లాంటివాటిలో మాత్రం గుర్తుపట్టడం కష్టం). పాస్టెల్‌ను మామూలు పాముతో కడితే మొదటి విడతలోనే సగం పాస్టెల్‌లు. తొందరగా ఫలితం చూడాలనుకునేవాళ్లకు ఇదే దారి.

నష్టం ఎక్కడంటే, ఇవి సులభంగా పుడతాయి కాబట్టి సులభంగానే దొరుకుతాయి. ఒట్టి పాస్టెల్ పిల్లకు, ఒట్టి మామూలు పిల్లకు ఇల్లు వెతకడం అమెరికాలోనే కష్టంగా ఉంది. పాస్టెల్ రంగు వయసుతో మసకబారుతుంది, పెద్దయ్యాక కొన్ని మామూలు పాముల్లాగే కనిపిస్తాయి. పిల్లప్పటి ఫొటో దాచుకోండి.

ఇక్కడ ఒక ఉపాయం ఉంది. మగదాన్ని సూపర్‌గా కొనండి. సూపర్ పాస్టెల్ తన పిల్లలన్నిటికీ ఒక ప్రతి ఇచ్చి తీరుతుంది, కాబట్టి ఆడది మామూలుదైనా విడతలో ఒక్క మామూలు పిల్లా పుట్టదు. వేర్వేరు పేర్లున్న రెండు మార్ఫ్‌లు ఒకే జన్యువు రూపాలై, ఒకే పాములో కలిసినప్పుడు కూడా ఇదే జరుగుతుంది. మొజావే, లెస్సర్, బటర్, ఫాంటమ్ అలాంటివే. మొజావేను లెస్సర్‌తో కడితే నాలుగింట ఒకటి నీలికళ్ల తెల్లపాము. ఆ తెల్లపామును మామూలు దానితో కడితే ప్రతి పిల్లా మొజావేనో లెస్సరో అవుతుంది, రెండూ ఉన్నది రాదు, రెండూ లేనిదీ రాదు. ఈ సంగతి తెలియక ‘మొజావే లెస్సర్’ తెల్లపాము నుంచి మళ్లీ తెల్లపిల్లలు వస్తాయని ఎదురుచూసేవాళ్లున్నారు.

నీలికళ్ల తెల్లపాము కోసమే అయితే లెస్సర్‌ను లెస్సర్‌తో కట్టకండి. ఆ పిల్లల్లో కొన్నిటికి కనుగుడ్లు ఉబ్బి పుడతాయి. మొజావేను మొజావేతో కడితే తల మీద బూడిద ఛాయ మిగులుతుంది. తెలుపు శుభ్రంగా రావాలంటే మొజావేను లెస్సర్‌తో కలపడమే మేలు.

## డామినెంట్: పిన్‌స్ట్రైప్

ఒక ప్రతి ఉన్నా రెండున్నా రూపం ఒకటే. కాబట్టి రెండు పిన్‌స్ట్రైప్‌లను కట్టి ప్రయోజనం లేదు. రెండు ప్రతులున్న పిల్లను కంటితో వేరు చేయలేరు, మళ్లీ మామూలు పాముతో కట్టి పిల్లలన్నీ పిన్‌స్ట్రైప్‌లే పుడుతున్నాయో లేదో చూడాలి. ఒక్క పిన్‌స్ట్రైప్‌ను మరో జన్యువున్న పాముతో కట్టడానికైతే చక్కటి ఎంపిక.

## బనానా: లింగంతో ముడిపడ్డది

బనానా, కోరల్ గ్లో రెండూ ఒకటే జన్యువు. ఒక ప్రతితోనే రంగు మారుతుంది, కానీ ఈ జన్యువు లింగాన్ని నిర్ణయించే చోటుకు దగ్గరగా ఉంటుంది. అందుకని మగ బనానాను కొనేముందు అది తల్లి నుంచి వచ్చిందా, తండ్రి నుంచి వచ్చిందా అని అడిగి తీరాలి. తండ్రి బనానా అయితే ఆ మగపామును ‘మేల్ మేకర్’ అంటారు: దానికి పుట్టే బనానా పిల్లల్లో నూటికి 90కి పైగా మగవే. తల్లి బనానా అయితే ‘ఫీమేల్ మేకర్’: బనానా పిల్లల్లో అంతే పాళ్లు ఆడవి. అప్పుడప్పుడు దీనికి విరుద్ధంగా ఒకటీ అరా పుడతాయి. ఆడ బనానాతో ఈ గొడవ లేదు, పిల్లల్లో ఆడామగా సమానంగా వస్తాయి.

ఏది మేలన్నది మీ తర్వాతి అడుగును బట్టి ఉంటుంది. బనానా ఆడపాములతో పథకం నడపాలంటే ఫీమేల్ మేకర్. మేల్ మేకర్ కొంటే బనానా కాని పిల్లలు ఎక్కువగా ఆడవి. ఇంకో రిసెసివ్‌ను కూడా నడుపుతున్నవాళ్లకు ఆ ఆడపిల్లలూ పనికొస్తాయి. తల్లిదండ్రుల వివరం చెప్పలేని మగ బనానా ఎంత బాగున్నా, తర్వాతి తరాన్ని ప్లాన్ చేయడానికి పనికిరాదు.

## వదిలేయవలసినవి

స్పైడర్ నమూనా చూడటానికి అద్భుతంగా ఉంటుంది. దాన్ని ఎంచుకోవద్దు. స్పైడర్ జన్యువున్న ప్రతి పాములోనూ ఎంతో కొంత తల వణుకు, తల మెలితిరగడం, ఎరకు గురి తప్పడం ఉంటాయి. కొన్ని వెల్లకిలా పడి తిరగలేవు. లోపలి చెవి నిర్మాణం వైకల్యంతో ఏర్పడటమే దీనికి కారణమని 2022లో స్కానింగ్‌లతో చేసిన పరిశోధన చూపింది. రంగును తెచ్చే జన్యువే చెవినీ చెడగొడుతుంది కాబట్టి ఎన్ని తరాలు ఏరి కట్టినా ఈ వణుకు పోదు. రెండు ప్రతులున్న స్పైడర్‌ను ఇంతవరకూ ఎవరూ రుజువు చేయలేదు. అలాంటి పిండాలు బతకవనే భావిస్తున్నారు. షాంపేన్, వోమా, హిడెన్ జీన్ వోమాల్లోనూ ఇలాంటి వణుకే ఉంది.

సినమన్‌నూ బ్లాక్ పాస్టెల్‌నూ ఒక్కో ప్రతిగా ఉంచితే ఇబ్బంది లేదు. రెండు ప్రతులైతే వెన్ను వంకర్లు, బాతు ముక్కులాంటి మూతి వచ్చే ముప్పు ఉంది. క్యారమెల్ అల్బినోలో వెన్ను వంకర్లతో పాటు ఆడవాటికి గుడ్లు నిలవడం తక్కువ. డెజర్ట్ ఆడపాములు గుడ్లు పెట్టలేక చనిపోయిన సందర్భాలు చాలా ఉన్నాయి, వాటిని జతకట్టకూడదు.

## జంటల వారీగా లెక్క

| జంట | కోరుకున్నది | ఒక్కో గుడ్డుకు అవకాశం | ఆరు గుడ్లలో ఒక్కటీ రాని అవకాశం | మిగిలే పిల్లలు |
|---|---|---|---|---|
| పాస్టెల్ × మామూలు | పాస్టెల్ | 1/2 | 1.6% | మామూలువి |
| సూపర్ పాస్టెల్ × మామూలు | పాస్టెల్ | అన్నీ | లేదు | ఏవీ లేవు |
| మొజావే × లెస్సర్ | తెల్లపాము | 1/4 | 17.8% | మొజావే, లెస్సర్, మామూలు |
| హెట్ × హెట్ | విజువల్ | 1/4 | 17.8% | 66% పాజిబుల్ హెట్‌లు |
| విజువల్ × హెట్ | విజువల్ | 1/2 | 1.6% | 100% హెట్‌లు |
| క్లౌన్ × పాస్టెల్ హెట్ క్లౌన్ | పాస్టెల్ క్లౌన్ | 1/4 | 17.8% | క్లౌన్, 100% హెట్‌లు |
| డబుల్ హెట్ × డబుల్ హెట్ | రెండు రిసెసివ్‌ల విజువల్ | 1/16 | 67.9% | ఎక్కువగా పాజిబుల్ హెట్‌లు |

చివరి వరుసను మరోసారి చూడండి (డబుల్ హెట్ అంటే రెండు వేర్వేరు రిసెసివ్‌లకూ హెట్ అయిన పాము). మూడు విడతల్లో రెండు వట్టిపోతాయి. రెండు విడతలు కలిపి పన్నెండు గుడ్లు వచ్చినా ఒక్కటీ రాకపోయే అవకాశం నూటికి 46.

## ఎవరికి ఏది

ఒక్క జంట, ఒకటి రెండు విడతలు చాలనుకునేవారికి: విజువల్ మగ, ఒక ఇన్‌కంప్లీట్ డామినెంట్ కూడా ఉన్న హెట్ ఆడ. పట్టికలోని క్లౌన్ జంట ఇదే. ఆరు గుడ్లలో కనీసం ఒక క్లౌన్ వచ్చే అవకాశం 98 శాతం, పాస్టెల్ క్లౌన్‌కు 82 శాతం. అంతకన్నా ముఖ్యం, ప్రతి పిల్ల మీదా ఖాయంగా ఒక పేరు రాయగలరు: క్లౌన్ లేదా నూటికి నూరు శాతం హెట్. మొదటిసారి జతకట్టేవాళ్లకు దీన్ని మించిన పథకం మాకు కనబడదు.

తొందరగా, రకరకాల పిల్లలు చూడాలనుకునేవారికి: పాస్టెల్, మొజావే, ఎంచి, పిన్‌స్ట్రైప్‌లలో రెండు మూడు కలిసిన మగ. విడత దాదాపు ఏదీ వట్టిపోదు. అయితే సాధారణ మార్ఫ్‌ల పిల్లలకు ఇళ్లు ముందే చూసి పెట్టుకోవాలి. నాలుగైదు జన్యువులు కలిస్తే ఏది ఉందో చెప్పలేని పిల్లలు పుడతాయి, మూడు దగ్గర ఆగండి.

పదేళ్ల దృష్టి ఉన్నవారికి: రెండు రిసెసివ్‌లు. డబుల్ హెట్‌ల జంటతో మొదలుపెట్టకండి. రెండింటికీ విజువల్ అయిన మగదాన్ని, డబుల్ హెట్ ఆడదాన్ని కొంటే 1/16 కాస్తా 1/4 అవుతుంది. ఖరీదంతా మగదాని మీద పెట్టడమే సబబు: ఒక మగది ఒకే ఏడు నాలుగైదు ఆడవాటితో కట్టగలదు, ఆడది ఏటా ఒక్క విడతకు మించి పెట్టదు.

పిల్లలను ఎవరికి ఇవ్వాలో తెలియనివారికి: జతకట్టకండి. మీకు కావలసిన మార్ఫ్ పిల్లనే కొనుక్కోండి. అది ఒక జంటను మూడేళ్లు మేపడం కన్నా చౌక, ఐదు పాములకు ఇల్లు లేకుండా చేయడం కన్నా మంచిది.

## కొనేముందు, పుట్టాక

హెట్ అన్నమాటకు తల్లిదండ్రుల ఫొటోలే ఆధారం. విజువల్ తండ్రి లేదా తల్లి ఫొటో, పుట్టిన తేదీ, వంశం పేరు, బరువు అడగండి. ఆడ పైథాన్‌లు పాత జత తాలూకు వీర్యాన్ని నెలల తరబడి దాచుకోగలవు, అరుదుగా మగది లేకుండానే పిల్లలను కంటాయి కూడా. కాబట్టి పెద్ద ఆడదాన్ని కొంటే అది అంతకుముందు ఏ మగదానితో ఉందో కనుక్కోండి. లేకపోతే మొదటి విడత తండ్రి ఎవరన్నది అనుమానంలో పడుతుంది.

గుడ్లను 31–32 డిగ్రీల సెల్సియస్‌లో ఉంచితే 55–60 రోజుల్లో పగులుతాయి. వేడి పెరిగితే వెన్ను వంకర్లు వస్తాయి, అప్పుడు తప్పు జన్యువుదో ఇంక్యుబేటర్‌దో తేల్చలేరు. ఇంక్యుబేటర్ సొంత తెరను నమ్మకుండా గుడ్ల మధ్య వేరే థర్మామీటర్ పెట్టండి. పిల్ల గుడ్డు విడిచిన రోజే విడిడబ్బాలో వేసి, సంఖ్య రాసి, మొదటి కుబుసం విడిచాక వెలుగులో పైనా పొట్టా ఫొటో తీయండి. మార్ఫ్ పేరు అప్పుడు రాయండి. కుబుసం ముందు రంగు మసకగా ఉంటుంది, ఫైర్‌నో ఎల్లోబెల్లీనో పొరపడేది అప్పుడే. అనుమానం ఉంటే చీటీ మీద ‘పాజిబుల్’ అనే రాసి ఇవ్వండి.